హడ్డీ సాబ్ చెయ్యి

నాంపల్లి స్టేషన్‌కు ఎదురు సందులో ఉన్న ఇరానీ హోటల్లో ఆ సాయంత్రం దీపాలు, పంకాలు, పాడుతున్న రేడియో ఒకేసారి ఆగిపోయాయి. ఆపింది నేను. పక్క ఖాళీ జాగాలో వేసిన డేరాలోకి ఆ హోటల్ నుంచే లాక్కున్న కరెంటు తీగను చేతికి తువ్వాలు చుట్టుకుని పీకేశాను, దాంతో హోటల్ ఫ్యూజు కూడా ఎగిరిపోయింది. (ఎవరూ చేయకూడని పని, నిప్పురవ్వలు చూశాక నాకూ తెలిసింది.) డేరా లోపల మా అక్క, ఆరో నెల కడుపుతో, ఎక్స్‌రే యంత్రం ముందు నిలబడి ఉంది.

ఆ రోజుల్లో మీట నొక్కితే వెలిగేదేదైనా మాకు అద్భుతమే. కోస్తా నుంచి వచ్చి గన్‌ఫౌండ్రీలో కాపురం పెట్టిన మావాళ్ళు 'సైన్సు' అన్న మాట వింటే చాలు, గుడికి వచ్చినట్టు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేవారు. నేను ఆబిడ్స్‌లో ఒక పత్రికలో కొత్తగా చేరాను. ఆ వారమే ఎక్స్‌రే మీద ఒక వ్యాసం అనువదించాను: మోతాదు మించితే చర్మం కాలుతుంది, రక్తం చెడుతుంది, ఏళ్ళ తర్వాత కాన్సర్ రావచ్చు, కడుపులో బిడ్డకు మరీ ముప్పు, డాక్టరు అవసరమంటే తీయించుకోవాలి, గర్భిణి ఆ సంగతి ముందే చెప్పాలి, మిగతావాళ్ళు సీసపు అడ్డు వెనక దూరంగా ఉండాలి, వేడుకకు మాత్రం దాని జోలికి పోకూడదు. నాలుగో పేజీ అడుగున వేశారు. అదే కాగితానికి రెండోవైపు, మూడో పేజీ నిండా, 'మీ ఎముకలు మీరే చూడండి! వినోదం, విజ్ఞానం!' అని ఈ డేరా ప్రకటన. మా ఇంట్లో అందరూ మూడో పేజీ చదివారు. నాలుగో పేజీ మర్నాడు బజ్జీల నూనె పీల్చింది.

పుట్టబోయేది మనవడో మనవరాలో చూద్దామని అక్కను వాళ్ళ అత్తగారు అక్కడికి తీసుకెళ్ళారని, ఆఫీసు నుంచి ఇంటికి రాగానే తెలిసి పరుగెత్తాను. (ఎముకలు చూసి ఆ సంగతి చెప్పడం ఎవరి తరం?) నేను డేరాలో దూరేసరికి మీట నొక్కడమే తరువాయి. ఆపమని అరిచాను. "జర సబర్ చెయ్ తమ్మీ, నీ వంతు గూడ అస్తది" అన్నాడు డేరా యజమాని. ఎముకలు చూపిస్తాడు గనక జనం అతన్ని హడ్డీ సాబ్ అనేవారు. వాదించే వ్యవధి లేదు. బయటికి దూకి తీగ లాగేశాను.

చీకట్లో ముందు హోటల్ కుర్రాడి గొంతు లేచింది: "ఎవడ్రా గాడ? చాయ్‌ల ఏం పడ్డదో గిరాకీలకు కనవడ్తలేదు!"

ఆ వెనకే అత్తగారు: "ఏం అబ్బాయ్, మతిపోయిందా? మనవడి మొహం చూడబోతుంటే!"

"మొహం కాదండీ, ఎముకలు కనిపిస్తాయి."

"ఎముకలైతేనేం, మా వంశం ఎముకలే కదా!"

"నాకు ఉక్కపోస్తోంది, ఇంటికి పోదాం" అంది అక్క. ఆ మాటతో గండం గడిచింది.

లాంతరు తెచ్చిన హడ్డీ సాబ్‌కు నా వ్యాసమంతా అప్పజెప్పాను. అతను నవ్వాడు. "గవన్నీ ఉత్త మాటలు. మోసం లేదని సూపెట్టనీకి ప్రతి ఆటకూ ముందుగాల నా చెయ్యే పెడ్త. నాకేమైంది?" అంటూ కుడిచెయ్యి లాంతరు ముందు చాపాడు. చర్మం బీటలు వారింది. గోళ్ళు నల్లబడ్డాయి. వేలి మీద మానని పుండు.

"మరి ఇదేమిటి?"

"గిదా? సబ్బు పడలే."

నాకు నవ్వు రాలేదు. ఆ యంత్రాన్ని అతనికి అమ్మినవాడెవడు? ఏ చదువూ లేకుండా ఊరి మధ్య నడుపుకోనిచ్చినవాడెవడు? ఆ రాత్రే మండిపడుతూ వార్త రాశాను. "ప్రకటన ఇచ్చినవాడి మీదనా? వచ్చే వారం చూద్దాంలే" అన్నారు మా పెద్ద సబెడిటర్. వచ్చే వారానికి డేరా లేదు. సామానంతా గౌలిగూడలో బస్సెక్కించారని హోటల్ కుర్రాడు చెప్పాడు.

అక్క కూతురికి ఇప్పుడు నేను పెంకి మేనమామను. ఎక్కడ ఎక్స్‌రే తీసినా సీసపు కోటు ఉందా అని అడిగి ఇంటివాళ్ళ పరువు తీస్తాను. చేతికి తువ్వాలు చుట్టుకున్న అప్పటి నా వాలకం గుర్తొచ్చి లోపల నవ్వుకుంటాను కూడా. ఆ బస్సు ఏ ఊరిదో ఎవరూ చెప్పలేదు. పుండుపడ్డ ఆ చెయ్యి ఇంకెన్ని ఆటలకు ముందు యంత్రంలోకి వెళ్ళిందో నాకు ఈనాటికీ తెలియదు.