ఆరని కోటింగ్

ఎల్బీ నగర్‌లో మా పక్క ఫ్లాట్ అంతయ్య గారికి ఒకే ఒక్క విచిత్రమైన పట్టుదల ఉంది. తన ఇంటి డైనింగ్ టేబుల్ మీద ఎవరినీ అన్నం తిననివ్వరు. ఎరిగినవారందరూ దీనిని పిసినారితనమంటారు. ఆధారాలు చూడకుండా తీర్పు చెప్పడం నా అలవాటు కాదు గనుక, చూసినది చూసినట్టు చెబుతాను.

ఆయనది పోచంపల్లి నేత కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. కోడలు మౌనిక ముచ్చటపడిందని ఆ టేబుల్ కొన్నారు. తెల్లని పాలరాయి పలక, బంగారు రంగు కాళ్లు, మఖమల్ కుర్చీలు. లిఫ్ట్‌లో పట్టక మెట్ల మీదుగా మోయిస్తుంటే, పెళ్లికూతురి పల్లకీకి కూడా దక్కని మర్యాదతో ఆయన ముందు నడిచారు. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ, అంతయ్య గారి అక్క అండాలమ్మ గారితో సహా, టేబుల్ పక్కనే నేల మీద చాప పరుచుకుని భోంచేశారు.

"ఇదేమిటి అంతయ్య గారూ?"

"రాయి మీద కోటింగ్ ఉంది సారూ. జర ఆరాలె."

ఎండాకాలం వచ్చింది. రోడ్డు మీద తారు కరిగింది కాని కోటింగ్ ఆరలేదు. వానాకాలంలో "గీ తేమకు ఎట్ల ఆరుతది?" అన్నారు. చలికాలంలో "చలికి బిగుసుకుంటది గని ఆరది" అన్నారు. ఆ సిద్ధాంతాన్ని ఖండించడానికి నోరు తెరిచాను. ఆయన అందులో సకినం పెట్టారు.

అయితే పిసినారితనం వాదానికి ఒక చిక్కుంది. ఆ రాయి మీదనే ఆయన చీరల మూటలు పడేస్తారు, బండి తాళాలు విసురుతారు. ఒకసారి పసుపు మరక పడితే "పడనియ్యిండ్రి" అన్నారు. వస్తువును దాచుకునే మనిషి లక్షణాలు కావివి.

అసలు సాక్ష్యం మాఘంలో దొరికింది. అండాలమ్మ గారు పెళ్లికని పోచంపల్లి వెళ్లారు. నేను వెళ్లేసరికి అంతయ్య గారు కుర్చీలో దర్జాగా కూర్చుని, పాలరాయి మీద పచ్చిపులుసు ఒలకబోసుకుంటూ తింటున్నారు!

మౌనిక ముఖం వెలిగిపోతోంది. "ఆరిందట అంకుల్! ఉగాదికి మా అమ్మానాన్నలను గీడనే కూసోబెడ్త."

అంతయ్య గారికి పొలమారింది. "అక్క వచ్చినంక మళ్ల ఆరది బిడ్డా."

"అదేంది మామయ్యా?"

"అక్కకు కుర్చీల కూసుంటే కండ్లు తిరుగుతయ్. కింద కూసుంటెనే ముద్ద దిగుతది. మనం పైన తింటే ఆమె ఒక్కతే కింద. మనం కింద తినేది తనకోసమని తెలిసిందా, పళ్లెం పట్టుకొని వంటింట్లకు పోతది. అందుకే ఆరలే."

మౌనిక చేతిలో గరిటె గిన్నెలో చాలాసేపు తిరిగింది.

ఉగాది నాడు ఆమె తల్లిదండ్రులు నాగోల్ నుంచి వచ్చారు. నన్నూ పిలిచారు. తండ్రి జంగయ్య గారు టేబుల్‌ను చూసి మురిసి, కుర్చీ లాగారు. అంతయ్య గారు కోడలి వైపు దీనంగా చూశారు.

మౌనిక ఆ కుర్చీని మెల్లగా వెనక్కి నెట్టి, చాప పరిచింది. "కోటింగ్ ఆరలే డాడీ. కింద కూసో."

"వీని పిసినారితనం పాడుగాను!" అని అండాలమ్మ గారు తమ్ముడి మీద విరుచుకుపడ్డారు. "చిన్నప్పుడు కొత్త చెప్పులు కొనిస్తే చేతుల పట్టుకొని నడిచేటోడు. సుట్టాలొస్తే గూడ బుద్ధి లేదా?"

"తప్పే అక్కా. జర పప్పు ఎయ్యి" అన్నారు అంతయ్య గారు, తల వంచుకుని, పరమానందంగా.

జంగయ్య గారు మాత్రం ఒప్పుకోలేదు. నా వైపు తిరిగారు. "సారూ, మీరు సదువుకున్నోళ్లు. న్యాయం చెప్పుండ్రి. ఏడాదైనా ఆరదా?"

నేను కళ్లద్దాలు సవరించుకుని టేబుల్ దగ్గరికి వెళ్లాను. రాయిని వేలితో తాకి, వెలుతురుకు ఓరగా వంగి, తగినంత సేపు పరీక్షించాను.

"ఇంకా పచ్చిగానే ఉంది" అని తీర్పు చెప్పి, మోకాళ్లను బతిమాలుకుంటూ వెళ్లి అండాలమ్మ గారి పక్కన చాప మీద కూర్చున్నాను.