రాహుకాలంలో యాభై మూడు నిమిషాల దోషం

కరోనా ఆంక్షలు పూర్తిగా తొలగిన మరుసటి ఏడాది, జూన్ ఒకటో తేదీ ఉదయం, పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక వృత్తి ఫుట్‌బాల్ క్లబ్బులో నేను సెక్రటరీగా బాధ్యతలు స్వీకరించాను. అంతకుముందు ఇరవై తొమ్మిదేళ్లు ఓడరేవులో సముద్రమట్టాన్ని నమోదు చేసే పరికరాల ఇంజనీరుగా పనిచేశాను. ఆటగాళ్లకు నెలజీతం ఇచ్చే క్లబ్బులన్నీ పూర్తికాలపు సెక్రటరీని నియమించుకోవాలని లీగ్ నిబంధన పెట్టింది. ఫైళ్లు సక్రమంగా పెడతానన్న పేరు ఉండటం వల్ల నన్ను డెప్యుటేషన్ మీద అక్కడికి పంపారు. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది స్వల్పం. ఆ ఉద్యోగానికి అది అడ్డు కాదని మొదటి వారంలోనే అర్థమైంది.

క్లబ్బు అధ్యక్షుడు అప్పలరాజు గారు. వారి తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినవాడు. ఈయన పుట్టింది, ఐస్ ఫ్యాక్టరీ పెట్టింది ఇక్కడే. ప్రతి ఉగాదికీ వైజాగ్ ఓడలో ఆయనకు ఒక పంచాంగం వచ్చేది. క్లబ్బులో కోచ్ నియామకమైనా, కెప్టెన్ నియామకమైనా, గోల్‌పోస్టుకు కొత్త వల కట్టడమైనా ఆ పంచాంగం చూసే జరిగేది. ఆయనకు నచ్చిన సమయం సోమవారం ఉదయం ఏడు గంటలు. సోమవారం రాహుకాలం ఏడున్నరకు మొదలవుతుందని అచ్చులో ఉంది కాబట్టి, అది రాకముందే సంతకం పెట్టి పెన్ను జేబులో పెట్టుకునేవారు.

జూన్ రెండో శనివారం సాయంత్రం లీగ్ నుంచి మెయిల్ వచ్చింది. కెప్టెన్ నియామక పత్రం మీద అధ్యక్షుడు, కెప్టెన్ ఒకే బల్ల దగ్గర, సెక్రటరీ సమక్షంలో సంతకాలు చేయాలి. సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపు పంపాలి. ఒకసారి నమోదైన పేరును సీజన్ ముగిసేదాకా మార్చడానికి వీల్లేదు. శనివారం కొత్త సంతకం పెట్టడం అధ్యక్షులకు పనికిరాదు. కోచ్ సూచించిన కెప్టెన్ దానియేలుకు ఆదివారం పనికిరాదు. రేవుకు అవతలి ఒడ్డున అతను ఉండే హోప్ టౌన్‌లోని తెలుగు చర్చిలో ఆ రోజంతా ఆరాధనే. ఇక మిగిలింది సోమవారం ఒక్కటే. ఆ రోజు అధ్యక్షులకు చెన్నైలో కంటి పరీక్ష ఉంది. తొమ్మిదిన్నర విమానం అందుకోవాలంటే లంబాలైన్‌లోని ఇంటినుంచి ఎనిమిదిన్నరకు కదలాలి. అందుకే వారు ఏడూ పదికి ముహూర్తం పెట్టించారు.

శనివారం ప్రాక్టీసు అయ్యాక మైదానం అంచున దానియేలుకు ఈ సంగతి చెప్పాను. వయసు ముప్పై ఒకటి, ఆడేది వెనక వరసలో. కెప్టెన్ కావడానికి అతనికి అదే చివరి అవకాశమని మా ఇద్దరికీ తెలుసు.

"ఏడూ పదికే ఎందుకు సాబ్?" అన్నాడు.

కారణం దాచడం నాకు చేతకాదు, చెప్పాను.

"అయితే నావల్ల కాదు సాబ్. మా నాన్న పన్నెండేళ్లు ఇదే క్లబ్బుకి ఆడాడు. మూడుసార్లు కెప్టెన్‌ని సేత్తామన్నారు. మూడుసార్లూ కొబ్బరికాయ కొట్టనన్నాడని ఇంకొకళ్లకి ఇచ్చేసారు. ఆయన కొబ్బరికాయ కాడ వదులుకున్నది నేను గడియారం కాడ తీసుకుంటే ఇంట్లో ముఖం ఎలా సూపించేది? ముహూర్తం సూడని టైమ్ ఏదైనా పర్వాలేదు. మామూలు ఫెర్రీకి వత్తాను. ఎనిమిదీ ఇరవైకి ప్రెసిడెంట్ అంకుల్ ఇంట్లో ఉంటాను."

కొబ్బరికాయ సమస్య ఈలోగా పరిష్కారమైందనీ, ఇప్పుడు దాన్ని ఉపకెప్టెన్ కొడుతున్నాడనీ నిబంధన సంఖ్యతో సహా గుర్తుచేశాను. గడియారానికి ఉపకెప్టెన్ లేడు కదా అని నవ్వి, బూట్లు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

అధ్యక్షులకు ఫోన్ చేశాను. "ఎనిమిదీ ఇరవయ్యా? నట్టనడి రాహుకాలం సాబ్ అది! ఆ టైమ్‌కి నేను పెన్ను ముట్టుకోను. కుదరకపోతే ఛోడియే, రెండో పేరు రాసేయండి. ఆడికి ఎప్పుడు రమ్మంటే అప్పుడు వత్తాడు" అన్నారు. వారి మనసులోని ఆ రెండో పేరు వాడు మంచి ఆటగాడే. అయితే కోచ్ ఇచ్చిన జాబితాలో అతని పేరు ఏడోది.

ఆదివారం మధ్యాహ్నం ప్రోతరాపూర్‌లోని మా ఇంట్లో పంచాంగం ముందు పెట్టుకుని కూర్చున్నాను. సమస్యను ఒక వాక్యంలోకి కుదించాను: సమయం శుభమైనదై ఉండాలి, కానీ శుభమని ఎంచుకున్నదై ఉండకూడదు. తరువాత అచ్చులోని లెక్క ఎక్కడినుంచి వచ్చిందో చూశాను. ఆరింటికి సూర్యోదయం, ఆరింటికి అస్తమయం అనుకుని, పగటిని ఎనిమిది భాగాలు చేసి, సోమవారానికి రెండో భాగాన్ని రాహువుకు కేటాయించారు. అలా వచ్చింది ఏడున్నర నుంచి తొమ్మిది. మా దీవుల్లో జూన్ నెలలో సూర్యుడు నాలుగూ యాభై అయిదుకు ఉదయించి, అయిదూ నలభై మూడుకు అస్తమిస్తాడు. ఇరవై తొమ్మిదేళ్లు నేను రోజూ నమోదు చేసిన అంకెలివి. వీటి ప్రకారం ఒక్కో భాగం గంటా ముప్పై ఆరు నిమిషాలు. పోర్ట్ బ్లెయిర్‌లో సోమవారం రాహుకాలం ఆరూ ముప్పై ఒకటికి మొదలై ఎనిమిదీ ఏడుకు ముగుస్తుంది. దానియేలు ఫెర్రీ దిగి వచ్చేసరికి రాహువు వెళ్లిపోయి పదమూడు నిమిషాలవుతుంది.

సాయంత్రం బస్సులో లంబాలైన్ వెళ్లాను. ఆదివారం రాహుకాలం ఆరుదాకా ఉందని అధ్యక్షులు అప్పటివరకూ నన్ను పని మాట మాట్లాడనివ్వలేదు. స్థానిక లెక్క ప్రకారం అది అయిదూ నలభై మూడుకే అయిపోయిందని నాకు తెలుసు. అయినా సవరణ చూపించకముందే దాన్ని వాడుకోవడం పద్ధతి కాదని ఆగాను. ఆరు కొట్టగానే గ్రాఫ్ కాగితం తీసి, సూర్యుడి దారి గీసి, ఎనిమిది భాగాలూ చూపించాను.

"ఎనిమిదీ ఏడుకి అయిపోతాదా? పక్కానా?"

"రెండు నిమిషాలు అటూ ఇటూ కావచ్చు."

ఆయన సంతోషించారు. ఆ సంతోషం రెండు నిమిషాలుంది. తరువాత వేలు కాగితం మీద వెనక్కి జరిపి ఏడు గంటల దగ్గర ఆపారు.

"మరి ఏడుకి ఏటుంటాది సాబ్?"

"రాహుకాలం" అన్నాను. ప్రశ్నకు తగిన జవాబే ఇచ్చాననుకున్నాను.

"అందుకేనన్నమాట! ముగ్గురు కోచులు ఏడాది నిండకుండా పోయారు. ముగ్గురికీ సోమవారం ఏడింటికే సంతకం పెట్టాను. నా నోరు మంచిది కాదని ఊరంతా అన్నారే! సరోజా, ఇన్నావా? నా నోరు కాదంట, టైమంట!" అని లోపలున్న భార్యకు కేకేశారు.

కేక పూర్తవకముందే ముఖం మారింది. తాను అధ్యక్షుడిగా ఎన్నికైంది కూడా సోమవారం ఉదయం ఏడింటికే. బీరువా తెరిచి పాత కాగితం వెతికి చూసుకున్నారు, ఏడూ అయిదు. రాహుకాలంలో ఎక్కిన కుర్చీలో కూర్చుని పెట్టే సంతకం ఎనిమిదీ ఏడు దాటాక పెట్టినా శుద్ధి కాదని తేల్చారు. మంచి సమయం చూసుకుని మళ్లీ ఎన్నికవుతానని, అక్కడికక్కడే రాజీనామా రాసి నా చేతిలో పెట్టారు.

ఇక్కడ నిబంధన చెప్పాలి. మా క్లబ్బు నియమావళిలో అధ్యక్షుడి రాజీనామాకు ఎవరి ఆమోదమూ అక్కర్లేదు. వచ్చిన కాగితాలు రాసే ఆవక రిజిస్టరులో సెక్రటరీ ఎక్కించిన క్షణం నుంచి అది అమలవుతుంది. కొత్త ఎన్నికకు ఇరవై ఒక్క రోజుల నోటీసు కావాలి. అధ్యక్షుడు లేని క్లబ్బుకు కెప్టెన్ సంతకం చెల్లదు. ఒక్క గ్రాఫ్ కాగితంతో నేను దానియేలు కెప్టెన్సీని కాపాడబోయి, అధ్యక్ష పదవినే ఎత్తేశాను. రిజిస్టరు మైదానంలోని ఆఫీసు లాకరులో ఉండటం ఒక్కటే ఊరట.

అప్పుడే సరోజిని గారు టీ తెచ్చారు. సంగతంతా విని గ్లాసులు బల్ల మీద పెట్టి, "ఈ పంచాంగం సూసే కదండీ మన లగ్నం కూడా పెట్టారు?" అన్నారు.

అధ్యక్షులు పెన్నుకు మూత పెట్టారు.

"ఓ గంట తప్పున్నట్టే కదా? అయితే దానికి కూడా రాసేయండి రాజీనామా. సాబ్ దాకా పంపక్కర్లేదు. ఆ రిజిస్టరు నా దగ్గరే ఉంది, ఇప్పుడే ఎక్కించేత్తాను." తరువాత నా వైపు తిరిగారు. "మీరు సెప్పండి అన్నయ్యా, మా లగ్నం తప్పా, ఒప్పా?"

ఆ సంవత్సరపు సూర్యోదయ పట్టిక నా దగ్గర లేదని చెప్పాను. ఉంది. ఉద్యోగ జీవితంలో అడిగిన కొలత ఇవ్వకుండా తప్పించుకున్నది ఆ ఒక్కసారే.

అప్పుడు నాకు ఓడరేవు పద్ధతి గుర్తొచ్చింది. సముద్రమట్టం కొలిచే పరికరంలో సున్నా గుర్తు తన చోటు నుంచి పక్కకు జరిగిందని తేలినప్పుడు, పాత రికార్డును ఎవరూ కొట్టేయరు. ఆ లెక్కలు నమ్మి ఓడలు వచ్చాయి, సరుకు దించాయి, వెళ్లిపోయాయి. దోషం కనిపెట్టిన తేదీ నుంచి సవరణ అమలు చేసి, వెనకటి పేజీల కింద ఒక అధోజ్ఞాపిక రాస్తారు. ఇదే అధ్యక్షులకు వివరించాను.

"అంటే పాతవన్నీ సెల్లుతాయా?"

"చెల్లుతాయి. అడుగున గమనిక ఉంటుంది."

"పెళ్లికి కూడానా?"

"దానికి గమనిక కూడా వద్దు" అన్నారు సరోజిని గారు.

అధ్యక్షులు నా చేతిలోంచి రాజీనామా తీసుకుని నాలుగు ముక్కలు చేశారు. నేను ఒక తెల్లకాగితం మీద రాశాను: "రాహుకాలానికి స్థానిక సవరణ రేపటినుంచి అమలులోకి వచ్చును. వెనకటి నియామకములకు వర్తించదు." ఆయన సంతకం చేశారు. వెళ్లేముందు ఒక హెచ్చరిక చేశాను: దానియేలు ముందు రాహువు ఊసెత్తకూడదు.

సోమవారం నేను ఏడుంపావుకే వారింట్లో ఉన్నాను. పత్రం, స్టాంపు ప్యాడ్, రెండు పెన్నులు బల్ల మీద సర్దాను. ఏడూ యాభై రెండుకు గేటు చప్పుడైంది. దానియేలు.

"మీ విమానం లేటవుతాదేమోనని ముందు ఫెర్రీకే వచ్చేసాను అంకుల్" అన్నాడు.

అతని మర్యాద పుణ్యమా అని మాకు పదిహేను నిమిషాలు మిగిలిపోయాయి. కారణం చెప్పకుండా వాటిని ఖర్చుపెట్టాలి. అధ్యక్షులు ముందు కళ్లజోడు వెతికారు; అది ముఖం మీద ఉంది. తరువాత పెన్ను రాయడం లేదన్నారు. నేను రెండోది ఇచ్చాను, పొరపాటున. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఏడూ యాభై ఎనిమిదికి సరోజిని గారు మూడు ప్లేట్ల ఉప్మా తెచ్చి పత్రం పక్కకు జరిపారు.

"ముందు తిను బాబూ. కాళీ కడుపుతో సంతకాలేటి!"

దానియేలు ప్లేటు అందుకుని, "ఓ చిన్న ప్రార్థన సేసుకుంటాను ఆంటీ" అని కళ్లు మూసుకున్నాడు. అన్నం ముందు వాళ్లు చేసే ప్రార్థన నేను విన్నదే. అర నిమిషం పడుతుంది. ఇది అలా సాగలేదు. ఉప్మా వండిన చేతుల కోసం, అధ్యక్షుల ఎడమ కన్ను కోసం, కుడి కన్ను కోసం విడివిడిగా, విమానం నడిపేవాళ్ల కోసం, కోచ్ సహనం కోసం, గత సీజన్‌లో మా మీద నాలుగు గోల్స్ వేసిన జట్టు కోసం కూడా ప్రార్థించాడు. అధ్యక్షులు కళ్లు మూసుకుని తల ఊపుతున్నారు. నేను గోడ గడియారం చూస్తున్నాను. ఆమెన్ అనేసరికి ఎనిమిదీ తొమ్మిది. నా లెక్కలో ఉండగల రెండు నిమిషాల పొరపాటు కూడా గడిచిపోయింది.

దానియేలు కళ్లు తెరిచి, "ఇప్పుడు సరిపోయిందా అంకుల్, మీ టైమ్?" అన్నాడు.

అధ్యక్షులు ముఖం మీది కళ్లజోడు తడుముకున్నారు.

"ముఖం మీద కళ్లజోడు పెట్టుకుని కళ్లజోడు వెతుకుతుంటే అర్థం కాదా? నా టైమ్ నా ప్రార్థన అయినప్పుడు. అప్పటికి మీ రాహువు లేచి వెళ్లిపోతే అది ఆయన ఇష్టం." పెన్ను తీసుకుని సంతకం పెట్టి, పత్రం ఆయన వైపు తిప్పాడు. "సెయ్యండి. ఉప్మా సల్లారిపోతంది."

పదీ నలభైకి పత్రం పంపాను. పదకొండుకు లీగ్ ఆమోదం వచ్చింది. ఆ సాయంత్రం దానియేలు చేతికి కట్టుకునే కెప్టెన్ పట్టీని ఇంటికి తీసుకెళ్తానని అడిగాడు. మరునాడు వాపసు ఇవ్వాలన్న షరతుతో రిజిస్టరులో రాసి ఇచ్చాను. మూడు రోజుల తరువాత తెచ్చాడు, నాన్న ఇవ్వలేదట. ఆ సీజన్‌లో మేము ఆరో స్థానంలో నిలిచాం. అంతకుముందు ఏడాదీ ఆరే. కోచ్ మటుకు ఏడాది దాటి ఉన్నాడు. దానికి కారణం రాహువా, అధ్యక్షుల నోటిని అదుపులో పెట్టిన సరోజిని గారా అన్నది నేను పరిశీలించలేదు. నేను రిటైరయ్యాక కూడా అధ్యక్షులు ఉగాదికి పంచాంగం పంపుతున్నారు. నెలవారీ సవరణ పట్టిక జతచేసి తిరిగి పంపుతాను.

దోషం కనిపెట్టడం ఇంజనీరు పని. ఆ సవరణ ఏ తేదీ నుంచి అమలులోకి వస్తుందో అదే కాగితం మీద రాయడం సెక్రటరీ పని. నేను మొదటిది మధ్యాహ్నం చేసి, రెండోది సాయంత్రం దాకా మరిచాను. ఆ మధ్య కాలంలో ఒక అధ్యక్షుడు, ఒక కెప్టెన్, ఒక వివాహం రద్దయ్యేవి. అప్పటినుంచి నేను ఏ లెక్క రాసినా ముందు తేదీ వేసి, అంకెలు తరువాత వేస్తాను.