బయటికి దారి ఎటండీ?

మామయ్యకు ఏ గదిలోకి వెళ్ళడానికైనా అభ్యంతరం లేదు. బయటికి దారి ఎటో ముందు తెలియాలి, అంతే. సినిమా హాల్లో టికెట్టు చించే మనిషిని అడుగుతాడు. పళ్ళ డాక్టరు నోరు తెరవమంటే, తెరిచి అదే అడుగుతాడు. చుట్టాలంతా ఆయనకు 'దారి మామయ్య' అని పేరు పెట్టేశారు.

అలాంటి మనిషిని కొండ కోటకు తీసుకెళ్ళాల్సి రావడం మేనకోడలి ప్రారబ్ధం. అసలు మోజు అత్తయ్యది. ఆ కోట అడుగు గదిలో ఉన్న గుండ్రటి కిటికీ బొమ్మతో ఒక క్యాలెండరు పన్నెండేళ్ళుగా ఆవిడ వంటింట్లో వేలాడుతోంది. తేదీలు ఎప్పుడో పనికిరాకుండా పోయినా దాన్ని తీయనివ్వలేదు. ఇవాళ ఎలాగైనా ఆవిణ్ణి ఆ కిటికీ ముందు నిలబెట్టాలని మేనకోడలి పంతం. మామయ్య మధ్యలో గొడవ చేసి వెనక్కి తిప్పేస్తాడేమోనని పొద్దుట్నుంచీ ఆమెకు ఒకటే బెంగ.

ఆ కోట కట్టించినవాడెవడో గానీ తిరకాసు మనిషి. దాన్ని కొండవాలుకు అతికించినట్టు కట్టించాడు. పైన రోడ్డు మీంచి సింహద్వారంలో అడుగు పెడితే తేలేది డాబా మీద. అక్కణ్ణుంచి ఒక్కో అంతస్తూ దిగుతూ పోవాలి.

"బయటికి దారి ఎటండీ?" డాబా మీదే మొదలుపెట్టాడు మామయ్య.

"అన్నిటికన్నా అడుగునండీ," అన్నాడు గైడు.

"అంటే, బయటికి రావాలంటే ఇంకా లోపలికి పోవాలా! మరి మధ్యలో?"

"అంతస్తుకో వసారా ఉందండీ. చివరి మెట్లకి మాత్రం సగంలో, ఎడం పక్క తలుపు."

"ఎన్నో మెట్టు దగ్గర?"

గుంపంతా ఘొల్లుమంది. మేనకోడలికి తల కొట్టేసినట్టయింది. కింది అంతస్తులో అదే ప్రశ్న, దాని కిందా అదే. చివరికి గైడు జవాబు చెప్పడం మానేసి వేలు చూపించడం మొదలుపెట్టాడు.

చివరి మెట్లు మరీ ఇరుకు. గోడలు రెండు భుజాలకూ రాసుకుంటున్నాయి. సగం దిగారో లేదో, వెనక నుంచి మామయ్య కేక.

"అమ్మో! నాకు ఊపిరాడట్లేదు! జరగండి, జరగండి!"

అత్తయ్య చెయ్యి పట్టుకుని ఎడం పక్క తలుపులోంచి ఒక్క ఉదుటున బయటపడ్డాడు. ఇంకో ఇరవై మెట్లలో కిటికీ ఉండగా అంతా అయిపోయిందనుకుంది మేనకోడలు. కడిగేద్దామని వెనకే వెళ్ళింది.

తలుపవతలి వసారాలో మామయ్య నిక్షేపంగా ఉన్నాడు. పాలిపోయింది అత్తయ్య ముఖం. వణుకుతున్న వేళ్ళతోనే మొగుడి వీపు రాస్తోంది.

"ఏం కాదు, నేనున్నాగా. మెల్లగా గాలి పీల్చండి. ఇంత పిరికైతే ఎలాగండీ!"

ఆయన బుద్ధిగా పీల్చాడు. ఆయనకు చూపిస్తూ ఆవిడా పీల్చింది. కాసేపటికి ఆ వేళ్ళు కుదుటపడ్డాయి.

మామయ్య అత్తయ్య చూడకుండా మేనకోడలి వంక తిరిగి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ భయం ఎవరిదో, పిరికివాడన్న పేరు ఎవరు మోస్తున్నారో ఆమెకు అప్పటికి తెలిసింది. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

"నా చెయ్యి వదలకండి," అంటూ మొగుణ్ణి నడిపించుకుని అత్తయ్యే ముందు దిగింది. కిటికీ ముందుకెళ్ళి దాని గుండ్రటి అంచంతా చేత్తో తడిమింది.

"క్యాలెండర్లో కంటే చిన్నగా ఉందే," అంది చివరికి, కడుపు నిండినట్టు.

తిరుగు దారిలో టీ తాగుదామని ఒక హోటల్లోకి వెళ్ళారు. మామయ్య నోరు తెరిచేలోపే మేనకోడలు అడిగేసింది.

"బయటికి దారి ఇదొక్కటేనాండీ?"

అత్తయ్య నెత్తి కొట్టుకుంది. "అయ్యో రాత! నీకూ అంటించారూ, ఈయన పిరికితనం!"

మామయ్య తలుపు పక్కనున్న కుర్చీ లాగి అత్తయ్యకు వేశాడు.