నాలుగు వేళ్ల ఎడం

ఆఫీసులో ఆమెను అందరూ సూదక్క అనేవారు. ఎక్కడ చిన్న చిరుగు కనపడినా కూర్చుని కుట్టేస్తుందని ఎవరో పెట్టిన పేరు. ఆమె కుట్టేది బట్టలు కాదు, ఆస్పత్రుల్లో వాడే ఒక సాఫ్ట్‌వేర్‌ని. అక్షరాలు పెట్టె దాటి బయటికి వచ్చేస్తున్నాయనీ, బటన్ సగమే కనిపిస్తోందనీ, ఎర్రగా ఉండాల్సింది గులాబీ రంగులో ఉందనీ నర్సులు, గుమాస్తాలు ఫిర్యాదులు పంపేవారు. పెద్ద చదువులు చదివి వచ్చినవాళ్లు ఈ పనుల జోలికి వచ్చేవారు కాదు. వాళ్లకవి ఎంగిలి గిన్నెలతో సమానం. సూదక్క పంతొమ్మిదేళ్లు ఆ గిన్నెలే తోమింది, తళతళలాడేలా తోమింది.

ఫిర్యాదు రాగానే ఆమె పని మొదలుపెట్టేది కాదు. ముందు దాన్ని పంపిన మనిషికి ఫోన్ చేసేది. ఏం చేస్తుండగా ఇబ్బంది అయింది, అప్పుడు కూర్చున్నారా నిలబడ్డారా, కళ్లజోడు ఉందా లేదా అని ఆరా తీసేది. బటన్ బాగుచేయడానికి కళ్లజోడు గొడవ దేనికని పక్క బల్లలవాళ్లు నవ్వుకునేవారు.

పన్నెండేళ్ల క్రితం అలాగే ఒక గుమాస్తాతో మాట్లాడింది. ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ల తేదీలు కంప్యూటర్లో ఎక్కించడం ఆయన పని. రోగి పేరు, డాక్టరు, గది, సమయం నింపి చివర తెర మీద వేలితో ‘ఖరారు’ నొక్కాలి. దాని పక్కనే ‘రద్దు’ ఉండేది. నిజంగానే రద్దు చేయాలా అని మళ్లీ అడిగే పెట్టె ఒకప్పుడు ఉండేది గానీ, డాక్టర్లు విసుక్కుని తీయించేశారు.

"ఇందులో మీ తప్పేం లేదమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి. "నాకు కుడిచెయ్యి కాస్త వణుకుతుంది. ఒకటి నొక్కబోతే ఇంకోటి పడుతోంది. ఇక్కడెవరికీ తెలీదు. తెలిస్తే తీసేస్తారు."

"నేను చెప్పనులెండి బాబాయ్," అంది సూదక్క.

తన నాలుగు వేళ్లు తెర మీద ఆనించి కొలిచి, ‘రద్దు’ను ఎడమవైపు మూలకు జరిపింది. చూడ్డానికి బాగోలేదు. మిగతా పేజీలన్నిటిలో రెండు బటన్లూ అన్నదమ్ముల్లా పక్కపక్కనే ఉంటే, ఈ ఒక్క పేజీలో ఒకటి అలిగి వెళ్లినట్టుండేది. పాపం అదేం చేసిందని వెలివేశావక్కా అని ఆటపట్టించేవారు. "దాన్నక్కడే ఉండనీ," అనేది తప్ప ఎందుకో చెప్పేది కాదు.

చెప్పకపోవడమే కాదు, ఎక్కడా రాయలేదు కూడా. ఆయన గుట్టు కాపాడటానికే అని తనకు తాను చెప్పుకుంది. అది సగం నిజం. ఆయన ఊసెత్తకుండా ఒక్క వాక్యం రాసిపెట్టవచ్చని ఆమెకు తెలియక కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పైనున్న ఒకావిడ చెవిలో ఒక మాట వేసింది. "అన్నీ రాసిపెట్టకు. రాసిపెడితే రేపు నీతో పనేముంటుంది?" ఆ మాటను సూదక్క బాగా ఒంటబట్టించుకుంది. ఏది ఎక్కడ ఎందుకుందో మొత్తం ఆమె బుర్రలోనే ఉండేది. పంతొమ్మిదేళ్లలో ఎందరో వచ్చారు, పోయారు, ఆమెను మాత్రం ఎవరూ కదపలేకపోయారు. ఆ సంగతి తలుచుకుని లోలోపల మురిసిపోయేది కూడా.

కిందటేడు ఆఫీసుకు ఏఐ ఏజెంటు వచ్చింది. చిన్నచిన్న ఫిర్యాదులన్నీ ఇకమీద అదే చూస్తుందన్నారు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారనుకుంది సూదక్క. తీరా చూస్తే దాని పని ఆమె గోటికంటే సన్నంగా ఉంది. ఫిర్యాదు చదువుతుంది, కోడ్ వెతుకుతుంది, మారుస్తుంది, పరీక్షిస్తుంది, ఏం మార్చిందో మర్యాదగా నాలుగు ముక్కలు రాసిపెడుతుంది. అంతా కలిపి నాలుగు నిమిషాలు. అది చదివి ‘ఆమోదం’ నొక్కడమే ఇక ఆమె ఉద్యోగం.

"ఇంట్లోకి తోడికోడలు దిగినట్టుంది," అంది భర్తతో. ఆయన బడి బస్సు నడుపుతాడు. "వంట నాకంటే బాగా చేస్తోంది. పైగా అలక కూడా లేదు."

"అలగని తోడికోడలా? నీ అదృష్టం," అన్నాడాయన.

ఇద్దరూ నవ్వారు. వంక పెడదామని నెల రోజులు దాని పనిని భూతద్దంతో చూసింది. వంక దొరకలేదు, ఆ బాధ ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

మేనేజరు కుర్రాడేమీ కాదు, చెడ్డవాడు అసలే కాదు. "అక్కా, రోజుకి నలభై చూడాలి. మీరు పదిహేను దగ్గరే ఆగిపోతున్నారు. ఆ ఫోన్లు మానేయండి. అది బాగానే చేస్తోందిగా," అన్నాడు. సూదక్క ఫోన్లు మానేసింది. మొదటి వారం చెయ్యి విరిగినట్టు అనిపించింది. రెండో నెలకి అలవాటైపోయింది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, అదే వచ్చిన చిక్కు.

ఒక మంగళవారం భోజనానికి ముందు జాబితాలో ఇంకా పదకొండు మిగిలాయి. అందులో ఒకటి కొత్తగా వచ్చిన డిజైనరు పంపింది: ఆపరేషన్ల పేజీలో బటన్లు వరసలో లేవు. ఏజెంటు వాటిని వరసలో పెట్టేసింది. ఆ శీర్షికను సూదక్క చదివింది, చదవలేదంటే అబద్ధం. కళ్లు చదివాయి, బుర్ర మిగతా పది మీద ఉంది. ‘ఆమోదం’ నొక్కి కిందికి జరిగింది.

నెల గడిచింది. ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఆ తర్వాత జాబితాలో ఆ ఆస్పత్రి నుంచి ఒక చిన్న పని కనిపించింది: పాత గుమాస్తా పేరు తీసేసి కొత్త ఆమె పేరు చేర్చాలి. పాత పేరు చూసి సూదక్క ఎన్నో నెలల తర్వాత ఫోన్ అందుకుని, ఆయన్ని తీసేశారా అని అడిగింది.

"ఆయనే మానేశారండీ," అంది అవతల కొత్తగా చేరిన అమ్మాయి. "చెయ్యి వణుకుతుందట, ఇన్నేళ్లూ దాచారట. రెండు వారాల్లో మూడు ఆపరేషన్లు రద్దయిపోయాయి. ఒక పెద్దావిడ ముందురోజు నుంచీ ఏమీ తినకుండా వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చుంది. తీరా చూస్తే లిస్టులో పేరే లేదు. ఈయన వెళ్లి ఆవిడ కాళ్లు పట్టుకున్నంత పని చేశారు. సాయంత్రానికి రాజీనామా రాసిచ్చారు."

"కంప్యూటర్లో ఏదో మారిందని ఎవరికీ అనిపించలేదామ్మా?"

"మారిందా? నేనొచ్చేసరికి ఇలాగే ఉందండీ. చూడ్డానికి బానే ఉంది కదా."

సూదక్క పేజీ తెరిచింది. రెండు బటన్లూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఆ ఎడం ఎందుకు తీశావని ఏజెంటును అడిగింది. జవాబు వెంటనే వచ్చింది. "ఆ ఎడానికి కారణం కోడ్‌లో గానీ పాత ఫిర్యాదుల్లో గానీ కనిపించలేదు. మిగతా పేజీలతో సరిపోయేలా మార్చాను. ఆమోదానికి పంపినప్పుడు ఈ విషయం రాశాను."

వెళ్లి చూసింది. నిజంగానే రాసింది: ఈ ఎడం కావాలని పెట్టినది కావచ్చు, తెలిసినవారు నిర్ధారించగలరు. తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే. ఆ వాక్యం కిందనే ఆమె ఆమోదం ఉంది. తోడికోడలిని తిట్టడానికి ఒక్క మాట దొరకలేదు సూదక్కకి.

మేనేజరు అంతా విని తల పట్టుకున్నాడు. "తిలాపాపం తలా పిడికెడు అక్కా. పంపింది డిజైనరు, మార్చింది అది, తొందరపెట్టింది నేను. మళ్లీ పాత చోట పెట్టేయండి, సరిపోతుంది. ఆస్పత్రికి మాత్రం చెప్పకండి. ఆమోదం మీ పేరు మీద ఉంది, మీకే ఇబ్బంది."

ఆమె ఏజెంటుకు ఒక వాక్యం రాసింది: చెయ్యి వణికేవారి కోసం ఈ ఎడం ఉంచాలి, తీయకూడదు. మూడు నిమిషాల్లో బటన్ మూలకు వెళ్లింది, ఆ వాక్యం కోడ్‌లోకి చేరింది. రాయడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, పైగా కాలినవి తన చేతులు కూడా కావు.

"చెబితే ఆయన ఉద్యోగం తిరిగొస్తుందా?" అన్నాడు భర్త భోజనాల దగ్గర. "రాదు. నీది పోతుంది. ఊరుకో." ఆ మాటలో తప్పేమీ కనపడలేదు ఆమెకు. అయినా కంచం పక్కకు జరిపి లేచింది. పొద్దున్నే ఆస్పత్రికి జరిగింది జరిగినట్టు రాసేసి, ఆఫీసు మెట్ల మీద కూర్చుని గుమాస్తాకు ఫోన్ చేసింది.

"గుర్తుపట్టాను తల్లీ," అన్నాడాయన. గొంతు మగతగా ఉంది. "అప్పుడు పుణ్యం కట్టుకున్నావు. నీ దయవల్ల పన్నెండేళ్లు నెట్టుకొచ్చాను. ఇప్పుడిక చెయ్యి మాట వినడం లేదు. డాక్టరు బిళ్లలు రెట్టింపు చేశాడు, పొద్దస్తమానం మత్తుగా ఉంటోంది."

"చెయ్యి కాదు బాబాయ్. బటన్ జరిగింది. మళ్లీ పక్కకి తెచ్చేశారు. సరేనని నొక్కింది నేనే, సరిగా చూడకుండా నొక్కాను. ఎందుకు జరిపానో అప్పుడే రాసిపెట్టి ఉంటే ఎవరూ ముట్టుకునేవారు కాదు."

"అయితే వణుకు పెరగలేదా?"

"లేదు బాబాయ్. ఎప్పటంతే ఉండి ఉంటుంది. ఆస్పత్రికి కూడా రాశాను."

"ఆ కుర్చీలో ఎవరో ఆడపిల్ల చేరిందట కదా. ఇప్పుడా పిల్లని లేపమంటావా?" అని, మళ్లీ తనే, "నెల రోజులుగా మనవణ్ణి ఎత్తుకోలేదు తల్లీ. జారవిడుస్తానేమోనని," అన్నాడు.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని సూదక్కకి అనిపించింది. ఫోన్ పక్కన పెట్టిన చప్పుడైంది, కట్ చేయడం మరిచిపోయినట్టున్నాడు. "బాబునిలా ఇవ్వమ్మా," అని లోపల ఎవరినో అడగడం వినిపించింది.

"వద్దు మామయ్యా," అంది ఒక ఆడగొంతు, మెల్లగా, నొప్పించకుండా. "మీ చెయ్యి సంగతి మీకు తెలుసు కదా."

ఏం జవాబు చెబుతాడోనని సూదక్క ఫోన్ చెవికి ఆనించుకునే కూర్చుంది. బాబు కేరింతలు లోపలి గదిలోకి దూరమవడమే వినిపించింది.