మంచు పట్టిన మెడికల్ బండి

డెబ్బై ఆరు మే నెలలో రాజస్థాన్ సరిహద్దులో మా యూనిట్‌కు చేరాను. మధ్యాహ్నం పన్నెండుకు లారీ దిగితే బూట్ల అడుగు నుంచే వేడి తగిలింది. చేతిలో రైఫిలు, భుజాన పనిముట్ల సంచి. నేను మెకానిక్‌ని. మా బస్తీ ఉప్పుగూడలో ఇప్పటికీ "ఎంతమందిని కాల్చినవన్నా?" అని అడుగుతుంటారు. ఒక్కరినీ కాల్చలేదు. ఒక మనిషి బతకడంలో మాత్రం నా చెయ్యి ఉంది. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మూడో వారం. నీడలో నలభై ఆరు డిగ్రీలు. ఒంటిగంట పదికి వైర్‌లెస్‌లో పిలుపు వచ్చింది: "మెకానిక్‌ను పంపండి. మెడికల్ బండిలో ఏసీ పనిచేయడం లేదు. లోపల వడదెబ్బ కేసు."

పరుగెత్తాను. చిన్న గదిలా కట్టిన బండి అది. లోపల కాపలా జవాను ఒకడు స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఏసీ మూత తీస్తే రాగి గొట్టాలే కనబడలేదు. రెండంగుళాల మందాన మంచు. ఇక గాలి ఎలా వస్తుంది?

బండి డ్రైవర్ మా పక్క బస్తీ చాంద్రాయణగుట్ట మనిషే. స్క్రూడ్రైవర్ తీసుకుని మంచు పొడవబోయాడు.

"ఆగు భాయ్! గొట్టానికి బొక్క పడితే గ్యాసంత పోతది. ఇగ మనతోని గాదు."

"మరి ఏం జేద్దామంటవ్?"

"కంప్రెసర్ బంద్ జేసి ఉత్త ఫ్యాన్ నడపాలె. ఇరవై నిమిషాల్ల కరుగుతది."

జవాను పక్కనే ఉన్న మిలిటరీ డాక్టర్, కెప్టెన్ సాబ్, మండిపడ్డారు. ఉన్న కాస్త చల్లదనమూ పోతే జవాను దక్కడన్నారు.  కానీ అఫ్జల్‌గంజ్‌లో ఫ్రిజ్‌లు బాగుచేసే షాపులో మూడేళ్లు పనిచేసిన చెయ్యి నాది. ఇరవై నిమిషాలు ఇవ్వండి సాబ్, పూచీ నాది అన్నాను. ఆయన గడియారం చూసుకున్నారు.

"బీస్ మినట్. ఇక్కీస్ నహీ." ఇరవై దాటి ఒక్క నిమిషం కూడా లేదన్నమాట.

ఒంటిగంట ఇరవైకి కంప్రెసర్ ఆపాను. మంచు కరిగి కారసాగింది. ఆ నీళ్లను డాక్టర్ మగ్గులో పట్టి, గుడ్డలు తడిపి జవాను మెడ మీద, చంకల్లో పెట్టారు. నేను గాలి లోపలికి పీల్చే జాలీ వెతికాను. దాని మీద గోనెగుడ్డ, రెండు పొరలు, చక్కగా కుట్టి ఉంది.

"ఇసుక పోవద్దని నేనే కుట్టిన," అన్నాడు డ్రైవర్.

"ఇసుకతోని గాలి గూడ ఆపినవ్ గద భాయ్! గాలి ఆడకుంటె మంచు పట్టదా?"

పాపం, అతని మొహం చిన్నబోయింది. మంచికే చేశాడు. గుడ్డ కోసి పారేసి, జాలీ దులిపి, ఒంటిగంట నలభై రెండుకు కంప్రెసర్ వేశాను. రెండు నిమిషాలు ఆలస్యం. కెప్టెన్ అప్పటికి జవాను నాడి చూస్తున్నారు. చల్లగాలి వచ్చింది.

రెండేళ్ల తర్వాత పతకాలేవీ లేకుండా ఉప్పుగూడ స్టేషన్‌లో దిగాను. నాకేం వెలితి అనిపించలేదు. ఎండాకాలం వస్తే చాలు, ఆ సాయంత్రం నాలుగున్నర నా కళ్ల ముందు నిలుస్తుంది. బయట ఇసుక మండుతోంది. జవాను కళ్లు తెరిచాడు. మోకాళ్లు ముడుచుకుని, చలికి పళ్లు టకటకలాడుతుంటే, నా చెయ్యి పట్టుకుని దుప్పటి కప్పమన్నాడు.