పదమూడో ఎత్తు

నిన్న జొన్నరొట్టె తడుతుంటే నా నోట్లోంచి "ఈ నాలుగు, సీ ఐదు" అని దానంతటదే వచ్చేసింది. ఆ ధ్యాసలో పెనం మీది రొట్టె మాడింది. రెండో తరగతితో చదువు ముగించినదాన్ని, చదరంగం ఆడడం నాకు ఈనాటికీ రాదు. ఎత్తులు మాత్రం నోటికొచ్చు. మా మనవరాలు దేశంలోని పెద్ద పోటీలకు ఎక్కిన ఆ ఒక్క ఏడాదీ, దాని అమ్మానాన్నలకు సెలవు దొరక్క, డోన్‌లో రైలెక్కి దాని వెంట ఊరూరా తిరిగింది నేనే. ఇంట్లో ఉన్న రోజుల్లో నేను పిండి కలుపుతుంటే అది వంటింటి గడప మీద కూర్చుని ఎత్తులు వల్లెవేసేది. ఒకసారి విన్నది నేను మరిచిపోను. ముప్పై ఏళ్ల కిందటి పెళ్లిలో ఎవరు ఏ చీర కట్టారో ఇప్పుడడిగినా చెబుతాను. అదేదో గొప్ప గుణమనుకునేదాన్ని.

ఆ ఏడాది ఆఖరి పోటీ ఎక్కడో చలి ఊళ్లో. చివరి ఆట గెలిస్తే దేశం జట్టులో చోటు. ముందురోజు సాయంత్రం భోజనాల హాల్లో ఒక తల్లి, "మీదేవూరవ్వా? మాది కడప" అంది. పది రోజులుగా తెలుగు మాటకు మొహం వాచి ఉన్నాను. సంచిలోని చెనిక్కాయల పొడి తీసి ఆమె అన్నంలో వేశాను. దాంతోపాటు నోరూ తెరిచాను.

"రేపు సూడు మా పిల్ల ఆట! పదమూడో ఎత్తులో ఏనుగును ఊరికే ఇచ్చేస్తాదంట. తీసుకున్నోళ్లు మునిగినట్టేనంట."

"ఏనుగునేనా అవ్వా? ఎట్లా?"

వరసగా అన్నీ అప్పజెప్పాను. మర్నాడు ఎవరితో ఎవరు ఆడాలో రాసిన కాగితం గోడకు అంటించే ఉంది, ఇంగ్లీషులో. మా పిల్లకు ఎదురు ఆడేది ఆమె కూతురేనని ఆమెకు తెలుసు. నాకు తెలియదు.

మర్నాడు మా పిల్ల ఏనుగును ఇచ్చింది. అవతలి పిల్ల దాన్ని ముట్టుకోనే లేదు. ఓడి బయటికొచ్చి, "ముందే తెలిసినట్టు ఆడిందవ్వా" అంది మా పిల్ల. అదే గుమ్మంలోంచి కూతురి చెయ్యి పట్టుకుని, కడప తల్లి నా వైపు చూడకుండా వెళ్లిపోయింది. అప్పుడర్థమైంది నాకు.

డోన్ దగ్గరపడుతుండగా రైల్లో చెప్పేశాను. అది కిటికీలోంచి ఎర్రనేల వైపు చూస్తూ అడిగింది.

"పదమూడూ చెప్పినావా?"

"చెప్పినా తల్లీ."

"యాడా తప్పు పోలేదా?"

"పోలేదు."

"నాకే పదోది తడబడతాదే, ముసిల్దానా!" అని నవ్వబోయి, నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది.

మళ్లీ ఆ మెట్టు దాకా అది ఎక్కలేదు. ఇప్పుడు కర్నూల్లో ఉద్యోగం చేసుకుంటోంది. ఆనాటి నుంచి ఈనాటి దాకా నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ ఆటలో ఎత్తు వేసినవాళ్లు పక్కనున్న గడియారం నొక్కుతారు. వాళ్ల కాలం ఆగి, ఎదుటివాళ్లది నడుస్తుంది. అది ఆ రోజు రైల్లోనే నొక్కేసింది. అప్పటినుంచీ నడుస్తున్నది నా కాలమే.