ఎవరూ ముట్టని అట్ట ఇల్లు

ఒక ఇంటిని మీ అరచేతిలో పెడితే, ఆ ఇంటి మనిషిలా మాట్లాడే ధైర్యం మీకుందా?

ఎనభైల చివర్లో కట్టంగూర్ అవతలి ఒక ఊరికి ఈ ప్రశ్నను మేం అట్టపెట్టెలో మోసుకుపోయాం. నల్గొండలో పతంగులు చేసి అమ్మే నా మిత్రుడు పెళ్లికార్డుల అట్టతో ఇళ్లు కట్టేవాడు. పాత పేపర్లను మైదా గంజిలో నానబెట్టి గుట్టలు చేసేవాడు. ఆ అట్ట ఊరినంతా చాప మీద పరిచేవాళ్లం. ఎవరు ఏ ఇంటిని చేతిలోకి తీసుకుంటే వాళ్లు ఆ ఇంటి మనిషై మాట్లాడాలి. అంతే ఆట. మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చి అప్పటికే నా గొంతు పోయింది. వాదనలో గెలిచి, బస్సెక్కేలోపు ఓడిపోవడం అలవాటైంది.

ఆ ఊళ్లో గొర్రెలు వరసగా చచ్చాయి. పశువుల దవాఖానకు ఒక్కడూ పోలేదు. ఊరి చివర ఒంటరిగా ఉండే అవ్వ బాణామతి చేసి వాటిని చంపిందని తేల్చేశారు. అమావాస్యలోగా ఊరు విడిచిపొమ్మన్నారు.

చాప చుట్టూ జనం మూగారు. "మా బడి గోడ గింత సక్కగ యాడున్నదే?" అన్నాడొకడు.

"కాగితం గోడ భాయ్, అందుకే నిలబడ్డది," అన్నాడు నా మిత్రుడు.

అందరూ నవ్వారు. సర్పంచి ఇల్లు, కిరాణా కొట్టు, మసీదు పక్కిల్లు, అన్నీ చేతులెక్కాయి. చాప అంచున ఒకటి మిగిలింది. మేం దానికి ఏ పేరూ పెట్టలేదు. చివర ఉన్నందుకే అది అవ్వ ఇల్లయింది.

గొర్రెలు పోగొట్టుకున్న కాపరిని అడిగాను: "ఉత్త అట్టే కదా, తీసుకో."

"మీరు ఇయ్యాల వస్తరు, రేపు పోతరు సారూ. నాకు పిల్లలున్నరు."

ఎదుటివాడి భయంతో ఎలా వాదించాలో నాకెవరూ నేర్పలేదు.

అప్పుడు జనం వెనక నుంచి అవ్వే వచ్చింది. వంగి ఆ ఇంటిని ఎత్తి అతని ముందు పట్టుకుంది.

"పట్టుకోరా కొడుకా. మీ అమ్మ జరమొచ్చి పడ్డనాడు నిన్ను ఎత్తుకున్నయి గీ చేతులే. గప్పుడేమైంది నీకు?"

అతని చేతులు లేవలేదు. అతని భార్య కొంగు బిగించుకుని ముందుకొచ్చి అట్ట ఇల్లు అందుకుంది. ఆట ప్రకారం ఇక ఆమె అవ్వై మాట్లాడాలి.

"నన్ను పొమ్మంటే యాడికి పోవాలె?" అంది.



అమావాస్య వచ్చింది, పోయింది. అవ్వను ఎవరూ వెళ్లగొట్టలేదు. ఆమె గడపా ఎవరూ తొక్కలేదు. మళ్లీ వెళ్లినప్పుడు ఆమె మాకు మంచినీళ్లిచ్చి, మేం తాగేదాకా అక్కడే నిలబడి చూసింది.

"నా చెంబుల నీళ్లు మీరే తాగిండ్రు," అంది.

నా మిత్రుడు ఇంకో చెంబు అడిగాడు.

ఆ తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగామో. అట్టలు నలిగిపోయాయి, నేనూ అలసిపోయాను. మీ ఊరి అంచునా అలాంటి ఇల్లొకటి ఉంటుంది. నా మాటలకు తలూపి ఊరుకోకండి. ఇవాళే వెళ్లండి. నలుగురూ చూస్తుండగా ఆ ఇంట్లో కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగండి.